మధుకేతు అనాథ కాడు

నేను కొత్తపేటలో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో పని చేస్తాను. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడినవాళ్ళు, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించాలనుకునేవాళ్ళు, ఏ కాగితం కావాలో తెలియక అన్ని కాగితాలూ సంచిలో వేసుకొచ్చేవాళ్ళు నా ముందు కూర్చుంటారు. వాళ్ళ ఫారాలు నేను నింపుతాను. వారంలో ఆరు రోజులు నా బతుకు అంతే. ఆదివారం మాత్రం నేను వీరుణ్ణి.

ఈ వీరత్వం గురించి కాస్త చెప్పాలి. ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ వెనక జ్యోతిక గారి ఫ్లాట్ ఉంది. ఆమెది తెనాలి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. ప్రతి ఆదివారం పదకొండింటికి ఆమె, గౌతమ్, నేను ఆమె డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతాం. దానికి గళ్ళ పలక ఉండదు, కాయలు ఉండవు. జ్యోతిక గారు కథ చెబుతుంది: ఇదిగో అడవి, అదిగో కోట, చెట్టు వెనక ఎవరో దగ్గారు. గౌతమ్, నేను తలా ఒక మనిషిని తయారుచేసుకుని, ఆ మనిషిలా మాట్లాడతాం, పోట్లాడతాం, పారిపోతాం. అనుకున్న పని అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఇరవై పడితే ఏనుగునైనా పడగొట్టొచ్చు. ఒకటి పడితే చెప్పు తెగి బోర్లా పడాల్సిందే.

ఆట ఆడటంలో నేను అంతంత మాత్రమే. నా ప్రతిభంతా మనిషిని తయారుచేయడంలో ఉందని నా గట్టి నమ్మకం. గౌతమ్ తన పాత్రను బస్సు దిగి వచ్చేలోపు తయారుచేసుకుంటాడు. నాకు మూడు వారాలు పడుతుంది. తాతల కాలం నుంచీ రాస్తాను. అప్పటికి ఐదుగుర్ని సృష్టించాను. ఒక విలుకాడు, ఒక సన్యాసి, ఒక గజదొంగ, ఒక మంత్రగాడు, మళ్ళీ ఇంకో విలుకాడు. ఐదుగురూ తక్కువ మాట్లాడతారు, కిటికీలోంచి దూరంగా చూస్తారు, ఐదుగురికీ తల్లిదండ్రులు లేరు.

"మధు గారూ, మీ పాత్రల్లో ఒక్కరికైనా అమ్మా నాన్నా బతికుండరా?" అని జ్యోతిక గారు ఒకసారి అడిగింది.

"విషాదం ఉండాలి కదండీ."

"ఐదుగురికీ అదే విషాదమా?"

లోతు అర్థం కావడానికి టైం పడుతుందిలే అని నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వు కూడా నా విలుకాళ్ళదే.

పోయిన అక్టోబర్‌లో కొత్త కథ మొదలుపెట్టాం. ఈసారి పాత్రల కోసం జ్యోతిక గారు తెలుగులో ఒక ఫారం తయారుచేసింది. పేరు, వంశం, వృత్తి, తండ్రి, తల్లి, శత్రువు, ఆస్తి, రహస్యం, లోపం. ఒక్కోదానికి ఒక్కో గడి. పైన కుడివైపు మనిషి బొమ్మ వేసుకోవడానికి ఇంకో గడి. నాకు బొమ్మలు రావు. సెంటర్‌లో ఎవరివో పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తుంటే డ్రాయర్‌లో నాదొకటి దొరికింది. దాన్నే అంటించాను.

నా ఆరో వీరుడి పేరు మధుకేతు. ఈ పేరు కోసం ఎనిమిది రోజులు ఆలోచించాను. అతని తండ్రి మహారాజు భిక్షకేతు. సింహాసనం కోసం ఆయన్ని నిద్రలో పొడిచి చంపిన తమ్ముడు బకవర్మ. మా నాన్న పేరు భిక్షపతి, ఆయన తమ్ముడి పేరు బక్కయ్య. ఈ పోలిక నాకు తట్టలేదు అంటే మీరు నమ్మరు. నిజంగానే తట్టలేదు. నా ఊహ ఎక్కడో హిమాలయాల్లో తిరిగి వస్తోందని అనుకున్నాను. అది మా గల్లీ చివర దాకా కూడా పోలేదు.

లోపం అన్న గడిలో 'అతి మంచితనం' అని రాశాను. జ్యోతిక గారు ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, "ఇది లోపం కాదండీ. ఇంకోటి ఆలోచించి రాసుకురండి," అని ఫారం వెనక్కిచ్చింది. మనిషన్నాక ఏదో ఒక లోపం ఉండకపోదు కదా అని ఆ కాగితాన్ని సెంటర్‌కి తీసుకెళ్ళి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. నాలుగు రోజులు ఆలోచించాను. మధుకేతులో నాకు ఒక్క లోపమూ కనిపించలేదు.

ఐదో రోజు మా నాన్న వచ్చాడు. నవంబర్ నెల. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏటా ఆ నెలలో తాము బతికే ఉన్నామని వేలు పెట్టి రుజువు చేసుకోవాలి. మా నాన్న దిల్‌సుఖ్‌నగర్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టర్‌గా చేశాడు. నాలుక మీద తడి చేసుకుని టికెట్లు చింపీ చింపీ ఆయన బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మెషీన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది.

"ఏమంటుందిరా?"

"మళ్ళ పెట్టు నాయినా. జర తలకు రుద్దుకొని పెట్టు."

తలకు రుద్దుకున్నాడు. చొక్కాకు తుడుచుకున్నాడు. మళ్ళీ ఎర్ర లైటే.

"బతికి లేనంటుందా?" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. బస్సులో కూడా చిల్లర దగ్గర ఆయన నవ్వేవాడు కాదు. ఆఖరికి నడిమివేలు పెడితే పచ్చ లైటు వచ్చింది. "నడిమేలు బతికుంది పో," అని ఆయన లేచి నిలబడ్డాడు.

లైన్లో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. నేను ప్రింట్ తీసి, ఆధార్ జిరాక్సూ పెన్షన్ పుస్తకమూ కలిపి, టేబుల్ మీద ఉన్న కాగితాలు ఒక్క గుప్పిట్లో తీసి, కవర్‌లో పెట్టి ఇచ్చేశాను. ఆయన కవర్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండున్నరకు అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు ఎట్లున్నవో అట్ల ఇంటికి రా," అని పెట్టేసింది.

మేముండేది గడ్డిఅన్నారంలో, ఒక కిరాయి ఇంటి మొదటి అంతస్తు. మెట్లు ఎక్కుతూనే ఎవరికో ఏదో అయిందనుకున్నాను. లోపల నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు ముక్కు మీద ఉన్నాయి. అమ్మ ముత్తమ్మ గుమ్మానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న చేతిలో నా మధుకేతు.

"గిదేంది?" అన్నాడు.

"అది... ఆ కవర్‌ల ఒచ్చిందా?"

నాన్న కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాడు. "'తండ్రి: భిక్షకేతు. సొంత తమ్ముడి చేతిలో నిద్రలో హతుడు.' పొద్దుగాలనే గదరా బతికున్ననని ఏలు పెట్టి ఒచ్చిన? ఇంతల్నే ఎట్ల సచ్చిన?"

"అది నువ్వు కాదు నాయినా. పాత్ర. ఉత్తగ కథ."

"ఫొటో నీదే గద?"

"ఫొటో నాదే. మనిషి నేను కాదు."

నాన్న దీని గురించి కాసేపు ఆలోచించాడు. "అంటే ఇంకోని పాస్ మీద నీ ఫొటో అంటించినవ్," అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో అలాంటివాళ్ళని ఆయన చాలామందిని దించేశాడు.

అమ్మ కొంగు తీసి ముందుకొచ్చింది. "నన్నేం జేసిండో గది గూడ చదువు."

"'తల్లి: భర్త మరణవార్త విని, గుండె పగిలి, ఆ క్షణమే మరణించెను.'"

"ఆ క్షణమే!" అంది అమ్మ. "ఒక దినమన్న ఆగనియ్యలే నన్ను. ఈయన నైట్ డ్యూటీ అని పోయి రెండు దినాలకు ఒచ్చేటోడు, ఏడున్నడో తెల్వకపోయేది. అప్పుడు పగలని గుండె ఇప్పుడెందుకు పగులుతదిరా?"

నాన్న ఆ మాట విననట్టు కింది గడికి వెళ్ళాడు. "ఆస్తి: పూర్వీకుల ఖడ్గము ఒకటి. మనింట్ల ఖడ్గమేడిది?"

నేను కూర్చుని ఆట గురించి మొత్తం చెప్పాను. జ్యోతిక గారి గురించి, పాచిక గురించి, కోటల గురించి. సెంటర్‌కి వచ్చే అరవై ఏళ్ళవాళ్ళకు కూడా నేను డిజిటల్ సంతకం అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పగలను. ఇది మాత్రం చెబుతున్నకొద్దీ నాకే పిచ్చిగా వినిపించింది.

"పందెం కాస్తరా?" అని నాన్న అడిగాడు.

"లేదు."

"మరి గెలిస్తె ఏమిస్తరు?"

"గెలుసుడు ఉండదు నాయినా."

"ముప్పై రెండేండ్లొచ్చినయ్," అని నాన్న కాగితం మడతపెట్టాడు. అక్కడితో గండం గడిచిందనుకున్నాను. అప్పుడు అమ్మ, "అయ్యో, ఉత్త ఆటనా? నేను సైదమ్మకు ఫోన్ చేసిన గదరా," అంది.

సైదమ్మ మా చిన్నమ్మ. బక్కయ్య చిన్నాయన భార్య. నాన్న కుర్చీలోంచి లేచాడు. "ఏం జెప్పినవ్?"

"ఉన్నదే జెప్పిన. మీ ఆయన మా ఆయన్ని సంపినట్టు మా మధుగాడు దరఖాస్తు రాసిండని."

అమ్మానాన్నల ముఖాలు ఎందుకు అలా పాలిపోయాయో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మా మేనత్త కూతురు గీత పెళ్ళి బీఎన్ రెడ్డి నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. గీతకు నాన్న, చిన్నాయన ఇద్దరే మేనమామలు. మేనమామలిద్దరికీ బొట్టు పెట్టి బట్టలు పెట్టే వేళకు నాన్న ఒక్కడే కూర్చున్నాడు, పక్కన పీట ఖాళీ. ఫొటో కూడా అలాగే పడింది. చిన్నాయన అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. అన్న పిలవలేదని చిన్నాయన కోపం. పిలిచినా రాలేదని నాన్న కోపం. ఆ తర్వాత చిన్నాయన మా మెట్లెక్కలేదు, నాన్న వాళ్ళుండే తుర్కయంజాల్ వైపు వెళ్ళలేదు. పండక్కి అమ్మా చిన్నమ్మా మాత్రం ఫోన్లో దొంగతనంగా మాట్లాడుకునేవాళ్ళు.

ముప్పావుగంటలో కింద డీసీఎం వ్యాన్ ఆగిన చప్పుడైంది. చిన్నాయన దాని డ్రైవరు. వ్యాన్ గల్లీకి అడ్డంగా నిలబడటంతో వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన అవేవీ పట్టించుకోకుండా పైకి వచ్చాడు. పొట్టి మనిషి, ఎడమ కన్ను కాస్త మెల్ల. గుమ్మం బయటే ఆగిపోయాడు.

"లోపలికి రా బక్కయ్యా," అంది అమ్మ.

"రాను ఒదినె. ఏదీ, నేను సంపినట్టు రాసిన కాగితం? సూసి పోత."

నాన్న మాట్లాడకుండా కాగితం చాచాడు. చిన్నాయన గుమ్మం ఇవతలకు చెయ్యి మాత్రం పెట్టి అందుకున్నాడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"'శత్రువు: చిన్నాయన బకవర్మ. పొట్టివాడు. ఎడమ కన్ను కొంచెము మెల్ల. అబద్ధము చెప్పే ముందు గొంతు సవరించుకుంటాడు.'"

కింద హారన్లు సరిగ్గా అప్పుడే ఆగాయి.

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "నేనెన్నడు సవరించుకున్న?" అన్నాడు.

ముందు నాన్నే నవ్వాడు. ఆపుకుందామని చూశాడు, ముక్కులోంచి వచ్చేసింది. అమ్మ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. చిన్నాయన ముఖం ఎర్రబడింది కానీ ఆయన చూపు నాన్న మీద లేదు, నా మీద ఉంది.

"నీకు బండి నేర్పింది ఎవరు?" అన్నాడు.

"నువ్వే చిన్నాయనా."

"సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నువ్వు వోయి మక్కకంకుల బండికి గుద్దితివి. హెడ్‌లైట్ పలిగె. నేనే మార్పించిన, ఇంట్ల చెప్పలే. గది రాసినవా ఇండ్ల ఏడన్న?"

కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వెనక వైపు బకవర్మ తాగే మద్యం గురించి ఉంది. కంకుల బండి గురించి లేదు.

"రాయలే," అన్నాను.

"కన్ను మాత్రం కనిపించింది," అన్నాడు.

నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. నా వీరులకు అలాంటప్పుడు గుర్రాలుంటాయి, ఎక్కి వెళ్ళిపోతారు. నాకు బాత్‌రూం ఉంది. అటు రెండడుగులు వేశాను కూడా.

"ఏడికి? ఇంట్ల లొల్లైతె బాత్‌రూంల సొచ్చుడు మొదలువెడ్తడు. ఈడ్నే నిలవడురా," అంది అమ్మ.

చిన్నాయన కాగితం అమ్మ చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. తిరిగి, గొంతు సవరించుకుని, "పెండ్లిల అన్న పిలువకపోయినా నేనేం మనసుల పెట్టుకోలే. గీ పిలగాడు రాసిందానికే బాధయింది," అన్నాడు.

"నేను పిలువలేదా?" అన్నాడు నాన్న. రెండేళ్ళలో తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది. "పిలిస్తె రానిది నువ్వు!"

"ఎవలు పిలిచిన్రు? నువ్వు పిలిచినవా?"

"నేను పీటల మీద కూసున్న. లేచి ఎట్లొస్త? మనిషిని పంపిన."

"ఎవర్ని పంపినవ్?" అంది అమ్మ.

ఇంత చిన్న ప్రశ్న. రెండేళ్ళలో ఎవరూ అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని నేను మొదటి మూడు నెలలు భయపడి, తర్వాత మరిచిపోయాను. నాన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"నిన్నే గదరా పంపిన?"

జరిగింది ఇది. ఆ రోజు నాన్న, "పోయి చిన్నాయనను తోల్కరా," అని నన్ను పంపాడు. నేను హాలు బయటి మెట్ల దాకా వచ్చాను. అప్పుడే గౌతమ్ ఫోన్ చేసి, నా కొత్త విలుకాడి గతం ఏమిటని అడిగాడు. ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగరు. మెట్ల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. విలుకాడు పుట్టిన ఊరు తగలబడిన ఘట్టం ముగిసేసరికి లోపల బాజాలు మోగాయి. పరుగెత్తి వెళ్ళాను. "ఏడీ?" అని నాన్న కళ్ళతో అడిగాడు. "వస్తలేడు నాయినా," అన్నాను. అందులో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ పిలవని మనిషి నిజంగానే రావడం లేదు కదా. ఆ విలుకాడు మూడో ఆదివారమే బురదలో పడి చచ్చాడు. వాడి కోసం అన్నదమ్ములు రెండేళ్ళు విడిపోయారు.

ఇదంతా నిలబడిన చోటే నిలబడి చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల వైపు చూశాను. విషాద గాథలు చెప్పడంలో నాకున్న అనుభవం ఏమీ పనికి రాలేదు. మూడు వాక్యాల్లో అయిపోయింది.

మొదట చిన్నాయన మాట్లాడాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"నేను సూసిన నిన్ను. మెట్ల పక్కన పార్కింగుల నిలవడ్డ. ఫోన్ల ఎవలకో 'నా బాణం, నా ఒంటరితనం' అని చెప్తున్నవ్. ఎవలో పిల్లతోని మాట్లాడుతున్నడు, పిలగానికి కుదిరినట్టుంది అనుకొని ఖుషీ అయిన. నడుమల పోతే బాగుండదని పక్కకు వోయిన."

"గౌతమ్‌తోని మాట్లాడిన చిన్నాయనా."

"గిప్పుడు సమజైంది."

నాన్న అప్పుడు అందుకున్నాడు. ఆయన ఎలా తిట్టాడో ఇక్కడ రాయను. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే చిన్నాయన అందుకునేవాడు. చిన్నాయన ఆగితే నాన్న. ఒకాయన మొదలుపెట్టిన తిట్టును ఇంకొకాయన పూర్తి చేశాడు. రెండేళ్ళుగా మాట్లాడుకోని మనుషులంటే ఎవరూ నమ్మరు. ఆ మధ్యలో ఎప్పుడో చిన్నాయన గుమ్మం దాటి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. అది ఎప్పుడు జరిగిందో నేను గమనించలేదు. నేల వైపే చూస్తున్నాను కదా. కింద ఇంటాయన వ్యాన్ తియ్యమని అరిస్తే, చిన్నాయన తాళంచెవి నాకిచ్చి, "పోయి సైడుకు పెట్టిరా. దేనికన్న గుద్దకు," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. కోడిగుడ్డు పులుసు. నాకు పెట్టలేదు. నాన్న ఎడమ చేత్తో నా ఫారం మీద పెన్ను పట్టుకుని ఉన్నాడు. తప్పులున్న దరఖాస్తు ఇంట్లో ఉండటానికి వీల్లేదట. సరిచేస్తున్నారు.

"మీ నాయిన రాజెందుకురా? రాజైతె ఎవడో ఒకడు పొడుస్తనే ఉంటడు," అన్నాడు నాన్న. "ఆ దేశంల నది ఉన్నదా?"

"ఉంది."

"పడవలు?"

"ఉంటయ్."

"నేను పడవ మీద టికెట్లు కొడ్త. రాసుకో. బతికున్నడు, రిటైరైండు."

అమ్మ తనను రాణిగా వద్దంది. పనిమనుషుల మీద అరవడం తనకు చేతకాదు. ఏదో ఒకటి రాసుకోమంది గానీ గుండె పగిలే సంగతి ఎక్కడా ఉండకూడదంది. చిన్నాయన తన గడి తానే రాసుకున్నాడు. శత్రువు అన్న మాట కొట్టేసి, 'బక్కయ్య, గుర్రం నేర్పిన చిన్నాయన' అని రాశాడు. కన్ను సంగతి మాత్రం ఉంచమన్నాడు. ఉన్నదే కదా అన్నాడు.

"ఈ లోపం కొట్టేసి ఉన్నదేంది?" అని నాన్న అడిగాడు.

"ఏం రాయాల్నో తెలుస్తలేదు నాయినా."

ముగ్గురూ ఒక్కసారి నా ముఖం చూశారు. ఆ తర్వాత చాలాసేపు పట్టింది. తడి తువ్వాల మంచం మీదేస్తడు. ఫోనెత్తడు. బంధువులొస్తే అలమారలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడతడు. ఆఖరికి నాన్న చెయ్యి కడుక్కొచ్చి, టికెట్ మీద స్టేజీ నంబర్ వేసినంత స్పష్టంగా రెండు వాక్యాలు రాశాడు: 'చెప్పిన పని చెయ్యడు. చెయ్యలేదని చెప్పడు.'

అన్నదమ్ములు ఆ రోజు కౌగిలించుకోలేదు. వెళ్ళేటప్పుడు చిన్నాయన, "పోయొస్త అన్నా," అన్నాడు. నాన్న, "ఆ," అన్నాడు. ఆ వారమే మేనత్తకు నాన్న ఫోన్ చేసి, చిన్నాయనకు పెట్టాల్సిన బట్టలు ఇంకా బీరువాలో ఉన్నాయా అని కనుక్కున్నాడు. ఉన్నాయట. అవి ఇవ్వడానికి తుర్కయంజాల్ పోయింది నేనే. ఆ ప్యాకెట్ చిన్నాయన చేతిలో పెట్టాక నాన్న ఫోన్ చేసి, నా మాట నమ్మకుండా, ఫోన్ చిన్నాయనకు ఇమ్మన్నాడు.

ఆదివారం నేను ఫారం తీసుకుని ఎల్బీ నగర్ వెళ్ళాను. జ్యోతిక గారు చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టింది. పడవ టికెట్ల దగ్గర ఆగింది. కన్ను దగ్గర ఆగింది. లోపం దగ్గర రెండుసార్లు చదివింది.

"మధు గారూ, అమ్మ, నాన్న, బాబాయ్, అందరూ బతికే ఉన్నారు! ఎంత బాగుందండీ. ఈ లోపం ఎవరు రాశారు?"

"నేనే," అన్నాను.

గౌతమ్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి దూరంగా మెట్రో పట్టాల వైపు చూశాను.

మధుకేతు రెండు ఆదివారాలు బతికాడు. రెండో ఆదివారం ఒక పాడుబడ్డ కోటలో దిగుడుబావి కనిపించింది. దాహమేస్తోందని చెప్పి, మెట్లు దిగి నీళ్ళు తాగుతానన్నాను. అంత చిన్న పనికి పాచిక ఎందుకండీ అని జ్యోతిక గారు కూడా అంది. నేనే వేస్తానని పట్టుబట్టాను. ఒకటి పడింది. మెట్టు మీద నాచు ఉంది. బతికించడానికి ఆవిడ ఇంకో అవకాశం ఇచ్చింది. మళ్ళీ ఒకటే పడింది. యుద్ధం లేదు, శత్రువు లేడు, ఆఖరి మాటలు కూడా లేవు. నీళ్ళ చప్పుడు మాత్రం గౌతమ్ నోటితో చేశాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. చిన్నాయన వచ్చి ఉన్నాడు. నాన్న, ఆయన టీవీ ముందు కూర్చున్నారు. మధుకేతు ఎలా ఉన్నాడని వాళ్ళు వారం రోజులుగా అడుగుతున్నారు. నేను పెద్ద ఇంజనీరైనా ఇంత శ్రద్ధగా అడిగి ఉండరు.

"ఎట్లున్నడురా మనోడు?" అన్నాడు నాన్న, టీవీ గొంతు తగ్గిస్తూ.

"పోయిండు నాయినా."

"పోయిండా? ఏడికి?"

"చనిపోయిండు. బావిల పడి."

టీవీ ఆగిపోయింది. ముగ్గురూ నా వైపు తిరిగారు. ఉత్త ఆటే అని చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. వాళ్ళ ఎదురుగా నిలబడి ఒక కొడుకు చావు కబురు చెప్పిన మనిషిలా ఉన్నాను.

"ఈత రాదా?" అని చిన్నాయన అడిగాడు. "గుర్రం నేర్పిన, ఈత గూడ నేర్పుదును గద."

"ఒక్కడే పోయిండా బాయి కాడికి? ఎంబడి ఎవలు లేరా?" అన్నాడు నాన్న. గౌతమ్ పాత్ర పైన నిలబడి వేపపుల్ల నములుతున్నాడని చెప్పాను. గౌతమ్ మీద నాన్నకు అప్పటినుంచీ మంచి అభిప్రాయం లేదు.

అమ్మ చిక్కుడుకాయ ఈనె తీసి, గింజలు గిన్నెలో వేసి, తల ఎత్తకుండా అడిగింది.

"పోయేముందు ఏమన్న తిన్నడా?"

దీని గురించి ఎవరూ ఆలోచించలేదు. జ్యోతిక గారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ కోటకు వాళ్ళు తెల్లవారుజామున బయలుదేరారు. నిజం చెప్పాలంటే మధుకేతు పుట్టినప్పటినుంచీ నేను వాడికి ఒక్క ముద్ద కూడా పెట్టలేదు.

"తిన్నడమ్మా. తినే పోయిండు," అన్నాను.

"ఏం కూర?" అంది అమ్మ.